జతచేయని పేజీ

గోపన్‌పల్లి,
సెప్టెంబరు 14, ఆదివారం.

చిరంజీవి రసజ్ఞకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, నాన్న, తమ్ముడు లోహిత్ ముగ్గురం బాగున్నాం. ఉత్తరాల్లో అందరూ రాసే మాటే ఇది. కానీ ఈసారి నాన్న విషయంలో డాక్టరు కాగితం ఎదురుగా పెట్టుకుని మరీ రాస్తున్నాను, ఆయన నిజంగానే బాగున్నారు. నువ్వూ అక్కడ ఆరోగ్యంగా ఉన్నావనీ, దోమతెర చిరుగు కుట్టుకున్నావనీ అనుకుంటున్నాను.

ఆగస్టు పద్ధెనిమిదిన నువ్వు రాసిన ఉత్తరం ఇరవై ఐదున అందింది. సెలవు మీద వచ్చిన నర్సమ్మాయి పాపం పటాన్‌చెరు నుంచి బస్సులో వచ్చి ఇచ్చి వెళ్లింది. ఈ ఉత్తరం వచ్చే శనివారం శంషాబాదులో విమానం ఎక్కే ఇద్దరు నర్సులతో, మూడు అట్టపెట్టెలతో పాటు నీ దగ్గరికి వస్తుంది. ఫోన్లో చెప్పొచ్చుగా అనుకోకు. ఆ మలావీ నుంచి మీ సిగ్నలు సగం మాటల్నే ఇటు దాటనిస్తుంది. ఇది సగం వింటే సరిపోయే సంగతి కాదు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. వాటి కింద పెన్సిలుతో గీత గీసి అంకెలు వేసుకున్నాను. మూడింటికి వరసగా జవాబు రాస్తాను. "ఇంకో ఏడాది ఉంటానని అడిగితే మిషన్ వాళ్లు ఎందుకు వద్దన్నారు? మీ ఇంట్లో నీ అవసరం ఉందమ్మా అని మాత్రం అన్నారు. నాన్నకి అసలు ఎలా ఉంది? నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?" అన్నది నాలుగోది. దానికి చివర రాస్తాను. తెలియక కాదు.

మొదటిది బూట్ల సంగతి. దొరకలేదు, చేయించాను. లింగంపల్లి స్టేషను వెనక కొమురయ్య అని ఒకాయన ఉన్నాడు. షుగరు కాళ్లవాళ్లకీ, పోలియో వచ్చినవాళ్లకీ కొలత ప్రకారం చెప్పులు కుడతాడు. కొండాపూర్‌లో నువ్వు పనిచేసిన ఫిజియోథెరపీ క్లినిక్కు వాళ్లే ఆయన పేరు చెప్పారు. అక్కడ మెడనొప్పుల వాళ్ల వరస ఏమీ తగ్గలేదు. నీ చోట్లో ఉన్న అమ్మాయి, మేడం డిసెంబరుకి వచ్చేస్తారటగా అని అడిగింది. నేను తల ఊపి ఊరుకున్నాను.

నువ్వు కాగితాల మీద గీసి పంపిన పాదాలు ముప్పై రెండు జతలూ కొమురయ్య ముందు పరిచాను. ఆయన ఒక గీత మీద తన బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

"గింత పాదానికి బూటా అమ్మా? ఇంకా నడవనే నడవరు గద."

నడవడానికి కాదని, నువ్వు నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పాను. వీళ్లు పుట్టుకతోనే పాదాలు లోపలికి తిరిగిపోయిన పిల్లలు. వారం వారం పిండికట్టు మార్చుకుంటూ ఆరేడు వారాల్లో పాదాన్ని తిన్నగా తెస్తారు. ఆ తర్వాత ఈ బూట్లు తొడిగి రెండింటి మధ్యా పట్టీ బిగించకపోతే పాదం మళ్లీ వెనక్కి తిరిగిపోతుంది. మొదటి మూడు నెలలు స్నానానికి తప్ప తీయకూడదు, ఆ తర్వాత నాలుగేళ్లదాకా నిద్రపోయేటప్పుడు వేయాలి. అంతా విన్నాడు.

"మరి ఏడ్వరా?"

రెండు రోజులు ఏడుస్తారట, తర్వాత మరిచిపోతారట అన్నాను.

"గంతేలే. మా అల్లుడు కోకాపేటల ఇరవై ఏడో అంతస్తుల కొలువు జేస్తడు. వానికి మెడకో కార్డు పట్టా, చేతికో గడియారం పట్టా. వాడు మరువలేదా?" అని తనే నవ్వుకుని పని మొదలుపెట్టాడు.

పన్నెండు రోజుల్లో ఇచ్చాడు. లోపల మెత్తటి తోలు వేశాడు, మడమ దగ్గర నువ్వు అడిగిన చిన్న కిటికీ కూడా ఉంది. పట్టీలు అల్యూమినియంవి, బిగించే మరలు విడిగా డబ్బాలో పెట్టాను. నీ పాత చుడీదార్ల గుడ్డతో సంచులు కుట్టి, ఒక్కో జతకీ బిడ్డ పేరు, పాదం కొలత, కుడి ఎడమలు గుడ్డముక్క మీద రాసి కుట్టేశాను. అంటిస్తే మీ వానలకి ఊడిపోతాయని. ఖర్చు కాగితం గిరీష్ గారికి ఇచ్చేశాను, ఆ గొడవ నీకొద్దు. గిరీష్ గారంటే మీ మిషన్‌కి ఇక్కడ పనులు చూసే ఆయనే, నువ్వు వెళ్లేముందు వీసా కాగితాలు చూసినాయన.

రెండో ప్రశ్న, సరోజమ్మ ఆంటీ మీద నాకు కోపం తగ్గిందా అని. తగ్గింది, ఎప్పుడో తగ్గింది. నువ్వు వెళ్లిన కొత్తలో మాత్రం కింది అంతస్తులో ఆవిడ లిఫ్టు ఎక్కుతుందని తెలిస్తే నేను మెట్లెక్కి వచ్చేదాన్ని. ఆవిడే కదా తన చర్చిలో ఆ ఆసుపత్రి ఫొటోలు చూపించి నీకు ఈ దారి పట్టించింది అని. ఆ తర్వాత మీ ఆసుపత్రికి పంపే సామాన్లు వాళ్ల హాల్లోకి రావడం మొదలైంది. మొదటిసారి వెళ్లి చూసేసరికి గాజుగుడ్డ, సబ్బులు, పిల్లల టోపీలు అన్నీ ఒకే పెట్టెలో కలిపేసి ఉన్నాయి. చూసి ఊరుకోలేకపోయాను. ఆ రోజు నుంచి ఆవిడ తూకం వేయడం, నేను రాసుకోవడం.

పెట్టె మూసేముందు ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. అంతసేపూ నేను ఊరికే కూర్చోలేక గాజుగుడ్డ చుట్టలు ఇంకోసారి లెక్కపెట్టుకుంటాను. ఒకరోజు కళ్లు తెరిచి, "నువ్వు చేసేదీ ప్రార్థనేలే వాసంతమ్మా, నీది పైకి వినపడదంతే" అంది. ప్రొద్దుటూరు మనిషి, ఏదైనా ముఖం మీదే అంటుంది. నాకు అలవాటైపోయింది. అయితే ఇప్పుడు ఆవిడకే నా మీద మనసు సరిగా లేదు. అది కూడా నాలుగో ప్రశ్నలోకే వస్తుంది.

మూడోది, నాగేశ్వరి అత్తయ్య ఇంకా అదే పాట పాడుతోందా అని. పాడుతోంది. జులైలో తణుకు నుంచి వాళ్ల ఆడపడుచు మనవడి బారసాలకని వచ్చి మనింట్లో నాలుగు రోజులుంది. కూరలు తరుగుతున్నంతసేపూ, అమ్మాయి మతం పుచ్చుకుందటగా, మాకు చెప్పకపోతే మానె అని ఒకటే సాధింపు. పొద్దున్నే అందరితో కలిసి ప్రార్థనలో కూర్చుంటుందట వదినా, దాన్ని ఎవరూ ఏమీ అడగలేదట అని నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. ఇవాళ కూర్చోమంటారు, రేపు లేవనివ్వరు అంది. నాన్న పేపరు పక్కన పెట్టి, "అక్కా, మన లోహిత్ ఆఫీసులో రోజూ అరగంట యోగా చేయిస్తున్నారు. ఏడాదైంది. వాడేమైనా హిమాలయాలకి పోయాడా? వంటింటిదాకా కూడా పోవడం లేదు" అన్నారు. అత్తయ్యకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

నేనూ ఒక తప్పు చేశానులే. ఏడాదిగా చుట్టాలందరికీ నువ్వు ఆఫ్రికాలో ట్రైనింగులో ఉన్నావని చెప్పుకుంటూ వచ్చాను. ఈ నెల నుంచి అది మానేశాను. క్రైస్తవ మిషన్ ఆసుపత్రిలో పసిపిల్లల పాదాలు సరిచేస్తోంది, జీతం లేదు, తిండి గది వాళ్లే ఇస్తారు అని ఉన్నదున్నట్టు చెప్తున్నాను. విన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగుతారు, తర్వాత పాదాల గురించి అడుగుతారు. మతం గురించి అడిగేవాళ్లు నేను అనుకున్నంత మంది లేరు.

ఇక నాలుగోది. లేచి వెళ్లి కాఫీ కలుపుకుని వచ్చి కూర్చున్నాను.

నిన్ను వద్దన్నది మిషన్ వాళ్లు కాదు రసజ్ఞా. నేను.

జూన్ నెలాఖరుకి నువ్వు ఈమెయిల్లో పంపిన ఫారం గుర్తుందిగా. ఎవరైనా ఇంకో ఏడాది ఉంటానంటే వాళ్ల ఇంటి నుంచి నింపి పంపాల్సింది. "నాన్నకి నువ్వే మెల్లగా చెప్పి నింపించు అమ్మా" అని రాశావు. నాన్నకి చెప్పలేదు. జులై రెండున మధ్యాహ్నం, ఆయన ఆఫీసులో ఉండగా, నేనే నింపాను. నాలుగు పేజీలు, పదకొండు గడులు. తొమ్మిదో గడిలో, ఇంట్లో వాలంటీరు దగ్గరుండి చూసుకోవలసిన జబ్బుమనిషి ఎవరైనా ఉన్నారా, ఉంటే వివరాలు రాయండి అని ఉంది. ఉన్నారు అని రాశాను. తండ్రి, యాభై ఎనిమిదేళ్లు, గుండె జబ్బు, పిల్లలు దగ్గరుండడం అవసరం అని రాశాను.

ఉత్తినే రాస్తే నమ్మరేమోనని కాగితం కూడా పెట్టాను. ఫిబ్రవరిలో పెళ్లి భోజనం చేసి వచ్చి నాన్న ఛాతీలో మంటంటే క్లినిక్కుకి తీసుకెళ్లామని రాశాను కదా నీకు. ఆ కాగితాలు నా ఫైల్లో ఉన్నాయి. మొదటి పేజీలో, ఛాతీనొప్పితో వచ్చారు, గుండె పరీక్షలు చేయాలి అని డాక్టరు రాశాడు. రెండో పేజీలో ఈసీజీ మామూలుగా ఉంది, గ్యాస్ మాత్ర వాడండి అని ఉంది. మొదటి పేజీ జతచేశాను. రెండోది చేయలేదు. పిన్ను తీసి విడదీసి, రెండో పేజీని మళ్లీ ఫైల్లో దాని చోట దాన్ని పెట్టేశాను.

ఎందుకు చేశావు అంటావు. జూన్‌లో నీకు మలేరియా వచ్చినప్పుడు పదకొండు రోజులు నీ నుంచి మాట లేదు. ఆ పదకొండు రోజులు నేను ఎలా ఉన్నానో రాయను. ఆ భయంతోనే ఫారం అలా నింపానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు తేదీలు చూసుకున్నాను. నీకు తగ్గి నువ్వు ఫోన్ చేసింది జూన్ పద్నాలుగు. నేను ఫారం నింపింది జులై రెండు. మధ్యలో పద్ధెనిమిది రోజులున్నాయి. భయంతో రాసింది కాదది, కూర్చుని ఆలోచించి రాసింది. నువ్వు డిసెంబరుకి వచ్చేస్తే చాలని రాసింది.

ఫారం కింద ఇరుగుపొరుగు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. సరోజమ్మ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చేతులకి పిండి ఉంది. తుడుచుకుని, ఎక్కడ పెట్టాలమ్మా అని అడిగి పెట్టేసింది. చదువుతారా అంటే, "నువ్వు రాసినంక నేను సదివేదేముంది" అంది. నేను కాగితం తీసుకుని పైకి వచ్చేశాను.

ఆగస్టులో నువ్వు ఫోన్ చేసి, నాన్నా మందులు వేసుకుంటున్నారా, మెట్లెక్కకండి అన్నావు. ఆయన ఏం మందులే, పొద్దున్నే బొటానికల్ గార్డెన్‌లో మూడు చుట్లు తిరిగి వచ్చాను అన్నారు. నేను ఫోన్ లాక్కుని సిగ్నలు లేదన్నాను. సిగ్నలు ఉంది. నీ మాట స్పష్టంగా వినపడుతోంది.

ఇదంతా ఇలాగే సాగిపోయేది. నన్ను ఆపింది నీ జాబితానే. బూట్ల సంచుల మీద పేర్లు రాయడానికి దాన్ని ముందు పెట్టుకున్నాను. పేరు, వయసు, పాదం కొలత, ఆఖరి పిండికట్టు తేదీ, బూట్లు తొడిగే తేదీ, ఆ తర్వాత వారానికీ, ఆపైన నెలనెలా మళ్లీ చూడాల్సిన తేదీలు. అక్టోబరు, నవంబరు గడులు నిండి ఉన్నాయి. డిసెంబరు నుంచి జులైదాకా ముప్పై రెండు మందికీ ఖాళీ. పిల్లకి బద్ధకం వచ్చిందనుకున్నాను. పక్కన పెన్సిలుతో, ఇవి నింపలేదేం అని రాశాను కూడా. పంతొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయాను. తమందా, నాలుగు నెలలు, రెండు పాదాలూ. ఆఖరి కట్టు విప్పి బూట్లు తొడిగేది నవంబరు ఇరవై ఏడు. వారానికల్లా మళ్లీ చూడాలని నువ్వే పైన రాశావు. వారానికంటే డిసెంబరు నాలుగు. నువ్వు నవంబరు ముప్పైన విమానం ఎక్కేస్తావు.

నువ్వు నా కూతురివి. మరిచిపోయి గడి ఖాళీగా వదలవు. స్కేలు పెట్టి గీసి మరీ వదిలావు, ఆ గడిలో ఎవరి పేరు రాయాలో నీకు తెలియక. నువ్వు పని నేర్పుతున్న లింబానీకి పిండికట్టు ఒంటరిగా వేయడం ఇంకా రాలేదని ఆ ఉత్తరంలోనే ఉంది. నేను నా తొమ్మిదో గడి నింపాను కాబట్టి నీకు ఇన్ని గడులు ఖాళీ అయ్యాయి. పెన్సిలు రాత చెరిపేశాను. ఆ రోజు ఇంకో సంచి కుట్టలేదు.

ముందు సరోజమ్మ గారికి చెప్పాను, ఆవిడ సంతకం ఉంది కాబట్టి. సోఫాలో కూర్చుని చివరిదాకా విన్నది. తిడుతుందనుకున్నాను.

"అయితే నా సంతకమూ అబద్ధమేనన్నమాట" అంది.

అవునన్నాను.

"పిల్ల గుర్తొస్తుంది, రమ్మని చెప్పు అంటే నేనే ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి పంపించమని అడిగుందును గదా. అడిగేదానికి నోరు రాలేదు, రాసేదానికి చెయ్యి వచ్చిందా?"

అదొక్కటే అంది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను తలుపు దగ్గరికి లాగి వచ్చేశాను. కానీ మర్నాడు గిరీష్ గారి దగ్గరికి వెళ్లాలంటే, రానని అనలేదు.

గిరీష్ గారు రాయదుర్గం మెట్రో దగ్గర ఆఫీసులో మేనేజరు కదా, మధ్యాహ్నం భోజనం వేళకి కింద క్యాంటీన్‌లోకి రమ్మన్నారు. చుట్టూ అందరూ ట్రేలు పట్టుకుని తిరుగుతున్నారు. ఆ గోలలో చెప్పాను. మధ్యమధ్యలో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది, అది కొంచెం కష్టంగా ఉండింది. ఆయన తినడం ఆపి విన్నారు. నేను ఒక్కటే అడిగాను, మీరు ఒక్క ఫోన్ చేసి కనుక్కుని ఉంటే తెలిసిపోయేది కదండీ అని. సిగ్గులేని ప్రశ్నే అది.

"ఆంటీ, మేం ఏ ఇంటికీ ఫోన్ చేసి చెక్ చెయ్యం. అలాంటి ప్రాసెస్ మా దగ్గర లేదు" అన్నారు. "ఇంట్లోవాళ్లు రాస్తే అదే ఫైనల్. మీవాళ్లని మా దగ్గరికి పంపేటప్పుడు మీరు మమ్మల్ని చెక్ చేశారా?"

నిజమే, చేయలేదు. ఆయన కోప్పడలేదు, అలసిపోయినట్టున్నారు. సరిచేయడానికి దారి ఉందన్నారు. నీ చోటికి ఇంకా ఎవరూ దొరకలేదట. అక్టోబరు పది లోపల పెద్ద డాక్టరు గారు తేల్చుకుంటారట. కొత్త ఫారం నింపాలి, ఎవరికి జబ్బని రాశానో వాళ్లే స్వయంగా సంతకం పెట్టాలి, డాక్టరు కాగితం ఉండాలి, సాక్షి మళ్లీ కావాలి.

అంటే నాన్నకి చెప్పాలి.

ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక పాత ఫారం నకలు చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదివారు. తొమ్మిదో గడి దగ్గర ఆగారు.

"నన్నడక్కుండానే నాకు గుండె జబ్బు మంజూరు చేశావన్నమాట."

నాకు కొంచెం నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఇంకో ఏడాది ఉంటానని అది ఎప్పుడడిగింది?"

"జూన్‌లో."

"ఇది సెప్టెంబరు."

ఆ తర్వాత మూడు రోజులు నాతో లోహిత్ ద్వారానే మాట్లాడారు. మీ అమ్మనడిగి పెరుగు తీసుకురారా, మీ అమ్మకి చెప్పు రేపు నేను పెందలాడే వెళ్తానని. వాడి చెవుల్లో ఎప్పుడూ ఆఫీసు మీటింగే, సగం మాటలు నాకు చేరలేదు. వాడికి సంగతి తెలిశాక, "అమ్మా, అక్క రావాలని నాకూ ఉంది గానీ నువ్వు ఇంత ప్లానింగ్ చేస్తావనుకోలేదు" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు.

నాన్నకి జబ్బు రాసినందుకు కాదు రసజ్ఞా కోపం. నువ్వు అడిగిన సంగతి రెండు నెలలు ఆయనకి తెలియకుండా ఉంచినందుకు. నువ్వు వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో, ఏదైనా నాకే ముందు చెప్పు అన్నారట కదా నీతో. ఆ సంగతి ఆయన లోహిత్‌తో అంటుంటే విన్నాను. నువ్వు నన్ను చెప్పమన్నావు. నేను చెప్పలేదు. నువ్వే తనకి చెప్పలేదని ఆయన అనుకోకుండా, నీ ఈమెయిల్ తీసి చూపించాను.

నాలుగో రోజు ఆయన సగం రోజు సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆ క్లినిక్కుకే వెళ్లి ఈసీజీ, ఎకో రెండూ తీయించుకుని వచ్చారు. గుండె బాగుంది. బీపీ కొంచెం ఎక్కువుంది, నూట నలభై రెండు. ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాను. ఇందులో దాచింది ఏమీ లేదు. కాగితాలు నా ముందు టేబుల్ మీద పెట్టి మూడు రోజుల తర్వాత మొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు.

"ఈసారి రెండో పేజీ కూడా జతచెయ్యి" అన్నారు.

కొత్త ఫారం ఆయన దగ్గర కూర్చునే నింపాను. తొమ్మిదో గడిలో ఎవరూ లేరు అని రాశాను. సంతకం పెట్టి పెన్ను మూసి, "నేను బాగున్నానని పెట్టాను. అది అక్కడే ఉండాలని పెట్టలేదు. ఉండడమో రావడమో దానిష్టం. ఈసారి దాని బదులు ఎవరూ రాయొద్దు" అన్నారు. ఆయనకి నువ్వు రావాలనే ఉంది. నాకన్నా ఎక్కువే ఉందేమో. అది నీకు చెప్పమని ఆయన అనలేదు, నేనే రాస్తున్నాను. దీన్ని చూసి బయల్దేరకు.

మిగిలింది సాక్షి. గిరీష్ గారి దగ్గర నుంచి వచ్చాక సరోజమ్మ గారు పైకి రావడం మానేసింది. నిన్న పొద్దున ఫారం పట్టుకుని నేనే దిగి వెళ్లాను. ఆవిడ చేతులు ఖాళీగానే ఉన్నాయి. కళ్లద్దాలు తెచ్చుకుని, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, నాలుగు పేజీలూ చదివింది. ఒక్కో గడి మీదా వేలు పెట్టి చదివింది. తొమ్మిదో గడి దగ్గర వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. డాక్టరు కాగితం అడిగి తీసుకుని, దాని మీద తేదీ చూసింది, పేరు చూసింది. అంతసేపూ నేను నిలబడే ఉన్నాను, కూర్చోమని అనలేదు. అప్పుడు సంతకం పెట్టి, పక్కన తేదీ వేసింది.

"కూర్చో వాసంతమ్మా. పెట్టెలు తూకం వేయాల గదా" అంది.

సంచులు తెచ్చి హాల్లో పరిచి నేను లెక్కపెట్టాను. ముప్పై రెండు. ఆవిడ నా వెనకే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ముప్పై రెండే వచ్చాయి. ఇన్ని నెలల్లో నా లెక్కను ఆవిడ మళ్లీ లెక్కపెట్టడం ఇదే మొదటిసారి. ఇకమీదట ఇలాగే ఉంటుందేమో, కొన్నాళ్లు. తర్వాత ఆవిడ కళ్లు మూసుకుంది. ఈసారి నేను చుట్టలు లెక్కపెట్టలేదు, ఊరికే కూర్చున్నాను.

కొత్త ఫారం, డాక్టరు కాగితం రెండు పేజీలూ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. మొదటి ఫారంలో నేను రాసింది అబద్ధమని పెద్ద డాక్టరు గారికి నా పేరుతో నేనే ఉత్తరం రాసి, నిన్న సాయంత్రం గిరీష్ గారి చేత ఈమెయిల్ చేయించాను. అది నీ కోసం ఆపలేదు, ఆగాల్సింది కాదు. ఇంకో ఏడాది మళ్లీ అడగాలో వద్దో మాత్రం నీ ఇష్టం. అడిగితే ఈ ఫారం ఆయన చేతికివ్వు. అడగకపోతే చింపెయ్యి, నాకు జవాబు చెప్పక్కర్లేదు. ఉంటే డిసెంబరు గడుల్లో నీ తేదీలు రాసుకుంటావు. వస్తే లింబానీకి ఈలోగా ఎంత నేర్పగలవో చూసుకుంటావు. ఏది చేసినా నాన్న గుండె దానికి కారణం కాకూడదు, నా బెంగ కూడా కాకూడదు.

నా మీద నీకు కోపం వస్తుంది. రావాలి. కానీ ఫోన్లో కోప్పడకు. నేను మధ్యలో మాట్లాడేస్తాను, సమర్థించుకుంటాను, తట్టుకోలేకపోతే సిగ్నలు పోయిందంటాను. ఉత్తరం రాయి. ఎంత పొడుగైనా రాయి. అందులో అయితే నిన్ను నేను ఆపలేను. చివరిదాకా చదువుతాను.

ఇట్లు,
రమ్మని నోరు తెరిచి నిన్ను ఒక్కసారీ అడగని
మీ అమ్మ,
వాసంతి